చెన్నై పేరు, కోయంబత్తూరు మైదానం



2018-19లో భారతదేశపు ఫుట్‌బాల్ లీగ్ విజేత ఎవరని అడిగితే సమాధానం చెన్నై. అదే ఏడాది లీగ్‌లో అట్టడుగున నిలిచింది ఎవరని అడిగినా సమాధానం చెన్నైయే. మిమ్మల్ని తికమక పెట్టాలని చెప్పడం లేదు. ఆ ఏడాది దేశంలో రెండు పెద్ద లీగులు పక్కపక్కనే నడిచాయి. ఒకటి ఐ-లీగ్, రెండోది ఇండియన్ సూపర్ లీగ్. మొదటిదాంట్లో 11 జట్లు ఆడితే చెన్నై సిటీ ఎఫ్‌సీ మొదటి స్థానంలో నిలిచింది. రెండోదాంట్లో 10 జట్లు ఆడితే చెన్నైయిన్ ఎఫ్‌సీ పదో స్థానంలో నిలిచింది. రెండూ మన ఊరి పేరు పెట్టుకున్న జట్లే. నేను తొండియార్‌పేట మనిషిని కనుక ఇంకో మాట చేర్చాలి. ఆ గెలుపు సంబరం గానీ ఈ ఓటమి బాధ గానీ మా టి.హెచ్. రోడ్డు దాకా పెద్దగా రాలేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఉత్తర చెన్నైకి ఆ కబురు ఎందుకు అందలేదన్నదే ఈవేళ నేను మాట్లాడదలచుకున్న సంగతి.

ముందుగా, లీగ్ అంటే ఏమిటో రెండు మాటలు. మనవాళ్ళకు క్రికెట్ అలవాటు. ఐపీఎల్ రెండు నెలల్లో ముగుస్తుంది. చివర్లో ఫైనల్ ఉంటుంది, ఆ రాత్రి ఎవరు బాగా ఆడితే కప్పు వాళ్ళది. అసలైన ఫుట్‌బాల్ లీగ్‌లో ఫైనల్ ఉండదు. ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి అవతలివాళ్ళ ఊళ్ళో. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. నెలనెలా చీటీ కట్టినట్టు ఓపిగ్గా కట్టుకుంటూ పోవాలి. నవంబరులో ఎక్కడో కొండల మధ్య చలిలో తంటాలు పడి తెచ్చుకున్న ఒక్క పాయింటే మార్చిలో విజేతను తేల్చవచ్చు. అందుకే లీగ్ గెలవడం కప్పు గెలవడం కంటే కష్టమని ఆట తెలిసినవాళ్ళు అంటారు. నా మాటా అదే. సూపర్ లీగ్ మాత్రం ఐపీఎల్ దారి పట్టి చివర్లో ప్లేఆఫ్‌లు, ఫైనల్ పెట్టుకుంది. ఐ-లీగ్ పాత పద్ధతినే నమ్ముకుంది.

ఇక చెన్నై సిటీ కథ. ఈ క్లబ్ మూలాలు పాతవే. 1946లో ఈ ఊళ్ళోనే నేతాజీ స్పోర్ట్స్ క్లబ్‌గా పుట్టింది. స్వాతంత్ర్యానికి ముందటి ఏడాది, నేతాజీ పేరు చెబితే కుర్రాళ్ళ ఒళ్ళు పులకరించే రోజులు. స్థానిక లీగుల్లో ఆడుతూ వచ్చిన ఆ క్లబ్ చెన్నై సిటీ అన్న కొత్త పేరుతో 2016-17లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. అయితే సొంత మైదానంగా పెట్టుకున్నది ఇక్కడికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోయంబత్తూరు నెహ్రూ స్టేడియాన్ని. మన నెహ్రూ స్టేడియంలో అప్పటికే చెన్నైయిన్ ఆడుతోంది. రెండు ఊళ్ళలోనూ స్టేడియం పేరు ఒక్కటే కావడం వల్ల, పేపరు చూసి, ఇక్కడి స్టేడియం ఉన్న పెరియమేటు దాకా వెళ్ళి, మూసి ఉన్న గేటు చూసి తిరిగొచ్చిన అభిమాని ఒక్కడైనా ఉండే ఉంటాడు.

2017-18లో చెన్నై సిటీ 10 జట్లలో ఎనిమిదోది. కింది డివిజన్‌కు జారిపోకుండా బయటపడిందంతే. అలాంటి జట్టు మరుసటి ఏడాది విజేత అవుతుందని పందెం కాసేవాడు కోయంబత్తూరులోనూ దొరికి ఉండడు. సింగపూర్‌కు చెందిన అక్బర్ నవాస్ కోచ్‌గా వచ్చాడు. స్పెయిన్ కింది స్థాయి లీగుల నుంచి నలుగురు ఆటగాళ్ళు వచ్చారు. పెద్ద పేర్లు కావు, పెద్ద జీతాలూ కావు. పెడ్రో మాన్జీ ముందు వరసలో, నెస్టర్ గోర్డిల్లో, సాండ్రో రోడ్రిగేజ్ మధ్యలో, రోబెర్తో ఎస్లావా వెనక. వాళ్ళ పక్కన ఎడ్విన్ సిడ్నీ వన్స్‌పాల్, అలెగ్జాండర్ రొమారియో జేసురాజ్ లాంటి తమిళనాడు కుర్రాళ్ళు. బంతిని ఎత్తి దూరంగా తన్నేసి వెనక పరుగెత్తే పద్ధతికి మన దేశవాళీ ఆట అలవాటుపడి ఉంది. ఈ జట్టు బంతిని నేల మీదే ఉంచి, చిన్న చిన్న పాసులతో ముందుకు జరిపింది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. గెలిచేది కూడా.

2018 అక్టోబరు 26న సీజన్ మొదటి మ్యాచ్ కోయంబత్తూరులో. ఇండియన్ యారోస్ మీద 4-1. మాన్జీ హ్యాట్రిక్ కొట్టాడు. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లాంటి కోల్‌కతా మహామహులు, చర్చిల్ బ్రదర్స్ లాంటి గోవా జట్టు, ఐజ్వాల్, షిల్లాంగ్ లాంటి ఈశాన్య రాష్ట్రాల జట్లు, ఆ ఏడాదే కొత్తగా వచ్చిన రియల్ కశ్మీర్, అన్నిటినీ దాటుకుంటూ పోయింది చెన్నై సిటీ. రియల్ కశ్మీర్ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. శ్రీనగర్ నుంచి వచ్చిన ఆ జట్టు తొలి సీజన్లోనే మూడో స్థానంలో నిలిచింది. అదొక్కటే ఇంకో ప్రసంగానికి సరిపడే కథ.

చివరి రోజు 2019 మార్చి 9. అప్పటికి చెన్నై సిటీకి 40 పాయింట్లు, ఈస్ట్ బెంగాల్‌కు 39. చెన్నై గెలిస్తే టైటిల్ దానిదే. డ్రా చేసుకుని, అవతల ఈస్ట్ బెంగాల్ గెలిస్తే అంతా గంగపాలు. రెండు మ్యాచ్‌లూ ఒకే వేళకు పెట్టారు. కోయంబత్తూరులో చెన్నై సిటీ, మినర్వా పంజాబ్‌తో. కోళికోడ్‌లో ఈస్ట్ బెంగాల్, గోకులం కేరళతో. మినర్వా పంజాబ్ అప్పటికి నిరుటి విజేత, ఆ ఏడాది మాత్రం పట్టికలో కింద ఎక్కడో ఉంది. పోగొట్టుకునేదేమీ లేని జట్టుతో చివరి రోజు ఆడటం ఎప్పుడూ ప్రమాదమే. అనుకున్నట్టే మూడో నిమిషంలో బిలాలా గోలు కొట్టాడు, మినర్వా 1-0. విరామం దాకా అదే స్కోరు. గ్యాలరీలో మాట లేదు.

56వ నిమిషంలో పెనాల్టీ. మాన్జీ కొట్టాడు, 1-1. ఆ ఏడాది అతని గోల్స్ మొత్తం 21, చర్చిల్ బ్రదర్స్ ఆటగాడు విల్లిస్ ప్లాజాతో సమానంగా లీగ్‌లోనే అత్యధికం. అయినా ఆ సాయంత్రం మాన్జీది కాదు. 69వ నిమిషంలో గౌరవ్ బోరా అనే డిఫెండర్ గోలు కొట్టి జట్టును ముందుకు తెచ్చాడు. గోల్స్ ఆపాల్సిన మనిషి గోలు కొడితే ఆ ఆనందం వేరుగా ఉంటుంది. అవతల కోళికోడ్‌లో ఈస్ట్ బెంగాల్ వెనకబడి మరీ తేరుకుని 2-1తో గెలుస్తోంది. ఇక్కడ మినర్వా ఇంకొక్క గోలు కొడితే కప్పు కోల్‌కతాకు పోతుంది. మామూలు వ్యవధి అయిపోయాక, అదనపు సమయంలో అదే గౌరవ్ బోరా రెండోసారి వల కదిలించాడు. 3-1. చెన్నై సిటీ 43, ఈస్ట్ బెంగాల్ 42. ఇరవై మ్యాచ్‌లు, అయిదు నెలలు, తేడా ఒక్క పాయింటు.

ఆ రోజుల్లోనే మరో దేశంలో అచ్చం ఇలాంటి కథ నడుస్తోంది. పోలండ్‌లో పెద్ద లీగ్‌ను ఎక్స్‌ట్రాక్లాసా అంటారు. 1927లో మొదలైంది, మొదటి విజేత క్రాకుఫ్ నగరానికి చెందిన విస్వా. 2018-19 నాటికి 16 జట్లు. ముందు మూడేళ్ళూ వరసగా రాజధాని జట్టు లెగియా వార్సాదే టైటిల్. డబ్బున్న క్లబ్, పెద్ద స్టేడియం, పెద్ద నోరు. అలాంటిచోట పియాస్త్ అనే జట్టు ఉంది. సైలీషియా బొగ్గుగనుల ప్రాంతంలోని గ్లివిత్సే పట్టణం దానిది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, తూర్పున తమ ఊళ్ళు పోగొట్టుకుని అక్కడికి తరలివచ్చిన పోలండ్ వాళ్ళు పెట్టుకున్న క్లబ్. ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు కొత్త ఊళ్ళో ముందుగా ఏర్పాటు చేసుకున్న వాటిలో ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉండటం నాకు బాగా నచ్చిన సంగతి. 1945లో వాళ్ళది, 1946లో మన నేతాజీది.

2017-18లో పియాస్త్ 16 జట్లలో 14వది. కిందికి జారిపోకుండా గట్టెక్కింది. కోచ్ వాల్దెమార్ ఫోర్నాలిక్, ఆ ప్రాంతపు మనిషే. జట్టులో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళు కొందరు. ఇక్కడా స్పెయినే! అక్కడి చలికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆట ఆపేస్తారు. ఆ విరామం తర్వాత పియాస్త్ వరసగా గెలుచుకుంటూ పోయింది. ఆ ఏడాది వాళ్ళ పద్ధతి ఏమిటంటే, 30 మ్యాచ్‌లయ్యాక పట్టికను రెండుగా కోసి, పై ఎనిమిది జట్లు తమలో తాము, కింది ఎనిమిది తమలో తాము ఇంకో ఏడేసి మ్యాచ్‌లు ఆడాలి. మొత్తం 37. పైవాళ్ళు టైటిల్ కోసం, కిందివాళ్ళు బతకడం కోసం. 2019 మే 19న చివరి మ్యాచ్‌లో పియాస్త్ లేహ్ పొజ్నాన్‌ను 1-0తో ఓడించి, 72 పాయింట్లతో తన చరిత్రలో మొదటిసారి విజేత అయింది. లెగియాకు 68.

ఆ సీజన్లో పోలండ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు ఇగోర్ అంగూలో, 24. గ్లివిత్సే పక్కనే ఉన్న జబ్జె పట్టణపు జట్టు గూర్నిక్ తరఫున ఆడాడు. తర్వాత అతను మన దేశానికి వచ్చాడు. 2020-21లో ఎఫ్‌సీ గోవా తరఫున 14 గోల్స్ కొట్టి సూపర్ లీగ్‌లో గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. పోలండ్ లీగ్‌కూ మన లీగ్‌కూ మధ్య దారి మనం అనుకున్నంత దూరం కాదన్నమాట. పోలండ్ జాతీయ జట్టుకు ఆడిన అరియెల్ బొరిసియుక్ 2021-22లో చెన్నైయిన్ జెర్సీ వేసుకున్నాడు. కాకపోతే కోవిడ్ వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. చెన్నై పేరు గుండెల మీద రాసుకుని ఆడిన ఆ పోలండ్ మనిషి, చెన్నై ప్రేక్షకుల ముందు ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకుండానే ఆ ఏడాది గడిపాడు.

రెండు దేశాల పోలిక ఇక్కడిదాకా చక్కగా సాగింది. ఇక్కడి నుంచే దారులు వేరవుతాయి. పోలండ్‌లో ఆ ఏడాది అడుగున నిలిచిన రెండు జట్లు మియెజ్ లెగ్నిత్సా, జగ్వెంబియె సోస్నోవియెత్స్. పేర్లు పలకడం కష్టమే, క్షమించండి. రెండూ ముందటి ఏడాదే కింది డివిజన్ నుంచి పైకి వచ్చినవి. ఒక్క సీజన్‌కే మళ్ళీ కిందికి దిగిపోయాయి. కఠినమైన నియమం, కానీ న్యాయమైన నియమం. మైదానంలో సంపాదించుకున్నది మైదానంలోనే పోగొట్టుకుంటారు.

మన దగ్గర చెన్నైయిన్ సంగతి చూడండి. 2018 మార్చి 17న బెంగళూరును వాళ్ళ సొంతగడ్డ మీదే 3-2తో ఓడించి సూపర్ లీగ్ టైటిల్ గెలిచిన జట్టు. అంతకుముందు 2015లోనూ గెలిచింది. ఆ విజేతే మరుసటి సీజన్లో 18 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది, 13 ఓడింది, మొత్తం 9 పాయింట్లు. ఆ దెబ్బకు పోలండ్‌లో అయితే కింది డివిజన్‌కు పోయేది. ఇక్కడ ఏమీ కాలేదు. అప్పట్లో సూపర్ లీగ్‌లో కిందికి దిగడమన్నదే లేదు. ఫీజు కట్టిన జట్టు ఎన్నిసార్లు ఓడినా అక్కడే ఉండేది. చెన్నైయిన్ ఆ మరుసటి ఏడాదే ఫైనల్ చేరింది. ఆటగాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఓటమి అంటే భయం లేని లీగ్‌లో అడుగునున్న జట్టు మ్యాచ్ ఎవరు చూస్తారన్నది నా ప్రశ్న. పోలండ్‌లో పదిహేనో స్థానంలో ఉన్న జట్టు చివరి మ్యాచ్‌కు ఊరంతా కదిలి వస్తుంది.

అటు చెన్నై సిటీకి పై నుంచి అన్యాయం జరిగింది. 2019-20 నుంచి సూపర్ లీగే దేశపు మొదటి లీగ్ అని, ఆసియా ఛాంపియన్స్ లీగ్‌కు దారి ఆ లీగ్ నుంచేనని నిర్ణయించారు. అంటే ఐ-లీగ్ దేశంలో అగ్రశ్రేణి లీగ్‌గా నడిచిన ఆఖరి సీజన్ చెన్నై సిటీ గెలిచిన సీజనే. గెలిచిన వాళ్ళకు పైమెట్టు అందలేదు, వాళ్ళు నిలబడి ఉన్న మెట్టే కిందికి దిగిపోయింది. స్విట్జర్లాండ్ క్లబ్ ఎఫ్‌సీ బాసెల్ 2019లో చెన్నై సిటీలో 26 శాతం వాటా తీసుకుంది. మంచి రోజులు వచ్చాయనుకున్నారు. 2020 జనవరిలో ఆసియా ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీలో బహ్రెయిన్ జట్టు రిఫా చేతిలో 1-0తో ఓడింది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గోర్డిల్లో హైదరాబాద్‌కు, రొమారియో గోవాకు. కోవిడ్ వచ్చింది. 2020-21 తర్వాత జాతీయ లీగ్‌లో చెన్నై సిటీ పేరు కనబడలేదు. విజేతగా నిలిచిన రెండేళ్ళకే!

పియాస్త్ మాత్రం విజేత అయిన మరుసటి ఏడాది మూడో స్థానంలో నిలిచింది, ఆ తర్వాతా పెద్ద లీగ్‌లో కొనసాగింది. తేడా ఎక్కడుంది? ఆ క్లబ్‌కు ఒక ఊరుంది. ఆ ఊరి మునిసిపాలిటీ, ఆ ఊరి స్టేడియం, తాత నుంచి మనవడికి వచ్చిన స్కార్ఫు. చెన్నై సిటీకి ఒక ఊరి పేరు, ఇంకో ఊరి మైదానం. చెన్నైలో ఉన్నవాడు చూడలేడు, కోయంబత్తూరులో ఉన్నవాడు నా ఊరి జట్టని అనలేడు. అయినా ఆ కోయంబత్తూరు జనం గ్యాలరీలు నింపారు, అందుకు వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

మన తెలుగువాళ్ళం చెన్నైని మాత్రమే అని ఊరుకోవడానికి లేదు. హైదరాబాద్ కథ ఇంకా చేదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ తరం ఆటగాడే. అలాంటి ఊరికి 2019లో సూపర్ లీగ్ జట్టు వచ్చింది, అదీ పుణె జట్టు మూతపడితే దాని చోటులో. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 అయితే, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడి హైదరాబాద్ ఎఫ్‌సీని గెలిపించాడు. మరుసటి ఏడాది పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాత జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2023-24లో ఒక్క మ్యాచే గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో ఆ క్లబ్‌ను మూటగట్టి ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. పుణె పోతే హైదరాబాద్‌కు వచ్చింది, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పోయింది. ఢిల్లీలో అంతకుముందున్న జట్టేమో 2019లో ఒడిశాకు పోయింది. ఇలా సంచారం చేసే క్లబ్బులకు అభిమానులు ఎక్కడ నిలబడి చప్పట్లు కొట్టాలి?

లీగ్ పెద్దలు కొంత కదిలారు, అది ఒప్పుకోవాలి. ఐ-లీగ్ గెలిచిన జట్టు సూపర్ లీగ్‌లోకి వచ్చే దారి తెరిచారు. 2023లో పంజాబ్ జట్టు, 2024లో కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్ అలా పైకి వచ్చాయి. పైకి వచ్చే తలుపు తీశారు, కిందికి పోయే తలుపు మాత్రం అప్పట్లో మూసే ఉంచారు. ఈలోగా వాణిజ్య హక్కుల ఒప్పందం తగవు వచ్చి, 2025-26 సీజన్ నెలల తరబడి ఆగిపోయి 2026 ఫిబ్రవరిలో గానీ మొదలు కాలేదు.

ఇప్పుడు మా పేటకు వస్తాను. తొండియార్‌పేట, కొరుక్కుపేట, వాషర్‌మన్‌పేట, రాయపురం, వీటిలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆటలో మాత్రం రెండూ కాని ఒక భాష. 'డేయ్ మచ్చా, ఇటు వెయ్ రా' అన్న కేక ఏ సందులోంచైనా వినిపిస్తుంది. రేవు, రైలు యార్డు, పెరంబూరు కార్ఖానాలు, మిల్లులు, వీటి చుట్టూ అల్లుకున్న కార్మిక పేటలివి. పనిచేసే జనం ఉన్నచోట క్యారమ్స్, బాక్సింగ్, ఫుట్‌బాల్ వాటంతటవే పుట్టుకొచ్చాయి. మాకు పడమటి పక్కనున్న వ్యాసర్‌పాడిని మినీ బ్రెజిల్ అనే పిలుస్తారు. ఉమాపతి, తంగరాజ్ అనే ఇద్దరు అక్కడ రెండు దశాబ్దాలకు పైగా పేటల పిల్లలకు ఆట నేర్పుతూ వచ్చారు. చదువు మానొద్దన్న షరతు మీదే బంతి ఇచ్చేవాళ్ళు. వ్యాసర్‌పాడి నుంచి వచ్చిన ధన్‌పాల్ గణేశ్ 2018లో టైటిల్ గెలిచిన చెన్నైయిన్ జట్టులో ఉన్నాడు. ఉత్తర చెన్నై కుర్రాడు నందకుమార్ శేఖర్ 2023 ఆగస్టు 12న డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్ మీద గోలు కొట్టి, ఆ జట్టు చేతిలో వరసగా ఎనిమిది ఓటముల తర్వాత ఈస్ట్ బెంగాల్‌ను గెలిపించాడు. ఆ రాత్రి సగం కోల్‌కతా మన ఊరి పిల్లవాణ్ణి నెత్తిన పెట్టుకుంది.

తొండియార్‌పేటలోనే కరుణాలయ అనే సంస్థ ఉంది, వీధి బాలల కోసం పనిచేస్తుంది. 2018 మే నెలలో మాస్కోలో వీధి బాలల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగితే, భారత్ తరఫున ఆడిన అమ్మాయిలు ఆ సంస్థ పిల్లలే. నేను ఇందాకటి నుంచి చెబుతున్న సీజన్ మొదలవడానికి అయిదు నెలల ముందు సంగతి. ఫుట్‌పాత్ మీద పెరిగిన ఆడపిల్లలు మాస్కో వెళ్ళి ఆడి వచ్చారు. ఆ పిల్లలు వెనక్కి వచ్చాక రోజూ ఆడుకోవడానికి మా పేటలో పచ్చిక ఉన్న మైదానం ఎక్కడుంది? ఇక్కడ పిల్లలు స్కూటర్ల మధ్య ఆడతారు. బంతి కాలువలో పడితే కర్రతో తీసి, కుళాయి దగ్గర కడిగి, మళ్ళీ ఆడతారు.

ఈ పిల్లలకు అసలు దారి జాతీయ లీగ్ నుంచి మొదలవదు. చెన్నై ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే లీగ్ నుంచి మొదలవుతుంది. సీనియర్ డివిజన్, దాని కింద ఇంకొన్ని డివిజన్లు. ఇండియన్ బ్యాంక్, ఇన్‌కమ్‌టాక్స్, ఐసీఎఫ్, దక్షిణ రైల్వే, కస్టమ్స్, ఏజీ ఆఫీసు, ఇవన్నీ జట్లున్న సంస్థలు. ఉత్తర చెన్నైలో తల్లిదండ్రులకు ఫుట్‌బాల్ అంటే ముందుగా గుర్తొచ్చేది అదే. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. దాన్ని చిన్నచూపు చూడకండి. ఒక గవర్నమెంటు ఉద్యోగం మూడు తరాల అప్పు తీర్చిన ఇళ్ళు ఈ వీధుల్లో ఉన్నాయి. అయితే ఆ ఉద్యోగ నియామకాలు ఒకప్పటిలా లేవు, జట్లూ పలచబడ్డాయి. ఒకనాడు ఇండియన్ బ్యాంక్ జట్టు జాతీయ లీగ్‌లో కోల్‌కతా, గోవా జట్లతో తలపడింది. ఆ గెలుపోటములను వీధి అరుగుల మీద చర్చించుకున్నవాళ్ళు ఇంకా మా పేటలో ఉన్నారు. చెన్నై సిటీ విజేత అయిన రోజు వాళ్ళలో చాలామందికి ఆ కబురే తెలియదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. 2018-19 సీజన్ ఈ ఊరికి దక్కాల్సిన గౌరవం, దక్కలేదు. దానికి కారణం అక్బర్ నవాసూ కాదు, మాన్జీ కాదు, గౌరవ్ బోరా అసలే కాదు. వాళ్ళు చేయాల్సింది చేశారు. పై అంతస్తు కట్టి కింది అంతస్తు మరిచిపోయిన పద్ధతిదే తప్పు. జిల్లా లీగ్‌కు ప్రేక్షకులు లేరు, పేటల్లో మైదానాలు లేవు, క్లబ్‌కు ఊరితో సంబంధం లేదు. అలాంటప్పుడు గెలిచినా ఓడినా ఒకటే.

అందుచేత శ్రోతలకు ఒక విన్నపం. 2021 ఫిబ్రవరి 14 నుంచి తొండియార్‌పేటకు మెట్రో ఉంది. త్యాగరాయ కాలేజి, వాషర్‌మన్‌పేట, మన్నడి, హైకోర్టు దాటితే సెంట్రల్. అక్కడ దిగి నడిస్తే నెహ్రూ స్టేడియం. చెన్నై సీనియర్ డివిజన్ లీగ్ జరిగే రోజుల్లో ఒక్క సాయంత్రం మీ పిల్లల్ని, మనవళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏ జట్టైనా సరే, ఒకదాన్ని మీదనుకుని సీజన్ పొడుగునా దాని పాయింట్లు లెక్కపెట్టండి. కార్పొరేషన్ వారికీ ఒక మనవి. ఉత్తర చెన్నైలో మిగిలిన ప్రతి ఆట స్థలాన్నీ పార్కింగుకూ గోడౌన్లకూ పోనివ్వకుండా పిల్లలకే ఉంచండి.